టీబీ మందులు వాడుతుండగానే మనిషి ఎందుకు చనిపోతాడు?

శిశిర రాశారు:
మా అన్నయ్య పోయిన నెల చనిపోయాడు. టీబీ అని తేలి, మందులు మొదలుపెట్టిన మూడో వారంలో. నలభై ఏళ్లు కూడా నిండలేదు. మందులిచ్చిన రోజు "భయపడాల్సిన పని లేదు, ఆరు నెలలు మానకుండా వేసుకుంటే పూర్తిగా నయమైపోతుంది" అన్నారు. మేమూ అదే నమ్మాం. అన్నయ్య ఒక్క రోజు కూడా మాత్ర మానలేదు. దగ్గరుండి వేయించింది నేనే. చివరి రోజు పొద్దున కూడా వేయించాను.

రెండో వారం వచ్చేసరికి గోడ పట్టుకుంటే తప్ప బాత్‌రూము దాకా వెళ్లలేకపోయాడు. పాదాలు ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంట పడేది. నాలుగు మాటలు మాట్లాడేలోపు ఆయాసం. ఫోను చేసి అడిగితే "మందులు ఘాటైనవి, మొదట్లో నీరసంగా ఉంటుంది, మానవద్దు" అన్నారు. మానలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది మందుల వేడికి తట్టుకోలేకపోయాడని తేల్చేశారు. వదిన కూడా ఇప్పుడు అదే అనుకుంటోంది. నయమయ్యే జబ్బుతో, నయం చేసే మందు వాడుతుండగా మనిషి ఎలా పోతాడు? ఎవరి మీదో నింద వేయడానికి అడగడం లేదు. వదినకు, పిల్లలకు ఏం చెప్పాలో నాకు తెలియాలి.

ఏటిగట్టు రాశారు:
చెల్లెమ్మా, మీ బాధ అర్థమవుతోంది. ఎవరూ చెప్పని మాట ఒకటి చెబుతాను. ఆ మాత్రలు మామూలువి కావు. మా మేనమామకు మందులు మొదలుపెట్టిన నెలలోనే కామెర్లు వచ్చాయి. కళ్లు పచ్చబడ్డాక కూడా ఎవరూ పట్టించుకోలేదు, మాత్రలు ఆపమని చెప్పినవాళ్లూ లేరు. కాలేయం పాడై పోయారు. జబ్బుతో ఇంకొన్నాళ్లు బతికేవారేమో. పైగా కొందరికి నాలుగైదు మాత్రలు ఒక్కసారే మింగిస్తారు. ఎముకల గూడులా ఉన్న మనిషి అన్ని మందులను ఎలా తట్టుకుంటాడు?

ఛాతీవైద్యుడు రాశారు:
శిశిర గారూ, మీ అన్నయ్యను నేను చూడలేదు. కాబట్టి ఫలానా కారణంతోనే పోయారని చెప్పను, చెప్పకూడదు. కానీ మీరు రాసిన రెండో పేరా చదివి చాలా సేపు ఆగిపోయాను. గోడ పట్టుకుని నడవడం, నొక్కితే గుంట పడే వాపు, మాట్లాడితే ఆయాసం. ఇవి మాత్రల వల్ల వచ్చే నీరసం కాదు. ఈ మూడూ ఉన్న మనిషి ఇంట్లో ఉండకూడదు, ఆసుపత్రిలో మంచం మీద ఉండాలి.

మందు మొదలుపెట్టగానే చావు ముప్పు పోదు. టీబీ చికిత్సలో జరిగే మరణాలు ఆరు నెలలకూ సమానంగా పరుచుకుని ఉండవు. ఎక్కువ భాగం మొదటి రెండు నెలల్లోనే, అందులోనూ మొదటి కొన్ని వారాల్లోనే జరుగుతాయి. ఒక దేశమని కాదు, అన్నిచోట్లా కనిపించేది ఇదే. మందులే చంపుతుంటే, వాడే కొద్దీ చావులు పెరగాలి కదా! జరుగుతున్నది దానికి పూర్తిగా ఎదురు. వాడే కొద్దీ తగ్గిపోతాయి.

ఎందుకంటే మందు చంపేది క్రిములను. అప్పటికే పోయిన ఊపిరితిత్తిని అది తిరిగి తేలేదు. నెలల తరబడి దగ్గుతూ, ఒక చోట దగ్గు మందు, ఇంకో చోట యాంటీబయాటిక్ వాడి, చివరికి తెమడ పరీక్ష చేయించుకునేసరికి ఊపిరితిత్తుల్లో పెద్ద పెద్ద గుహలు పడి ఉంటాయి. ఒంట్లో కండ కరిగిపోయి ఉంటుంది. గుండె కుడివైపు భారం మోయలేక అలసిపోయి ఉంటుంది. ఆ స్థితిలో చిన్న న్యుమోనియా సోకినా, రక్తంలో ఆక్సిజన్ కాస్త పడిపోయినా, కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరినా మనిషి నిలవడు. టీబీ ఉన్నవారిలో రక్తం గడ్డకట్టే స్వభావం కూడా ఎక్కువ. కొందరిలో గుహ గోడలో ఉన్న రక్తనాళం చిట్లుతుంది. అలాంటప్పుడు ప్రాణం తీసేది రక్తం కారిపోవడం కంటే, ఆ రక్తం శ్వాసనాళాల్లో నిండి ఊపిరాడకపోవడం.

ఏటిగట్టు గారూ, మందు వేసుకోకపోతే ఇంకొన్నాళ్లు బతికేవారన్న మాట మాత్రం సరికాదు. మందులు లేని కాలంలో తెమడలో క్రిములు కనిపించే స్థాయి ఊపిరితిత్తుల టీబీ వచ్చినవారిలో పదేళ్లలోపు దాదాపు 70 శాతం మంది చనిపోయేవారు. మీ మేనమామ గారి కాలేయం సంగతి వేరే. అది నిజంగా జరిగేదే, దాన్ని కొట్టిపారేయను.

ఏటిగట్టు రాశారు:
కొట్టిపారేయనన్నందుకు సంతోషం. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. అది నిజంగా జరిగేదే అయితే మందులిచ్చే రోజున ఎందుకు చెప్పరు? చెబితే జనం మానేస్తారని భయమా? చెప్పకపోతే ప్రాణాలు పోతున్నాయి.

రాత్రిడ్యూటీ రాశారు:
నేను నర్సును, ఛాతీ వార్డులో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. ఏటిగట్టు గారి ప్రశ్న న్యాయమైనది. నేనైతే మొదటి రోజే చెబుతాను. ఏం చెబుతానో రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

మాత్ర వేసుకున్న కొన్ని గంటలకే మూత్రం నారింజ ఎరుపు రంగులోకి మారుతుంది. చెమట, కన్నీళ్లు కూడా కొద్దిగా రంగు తేలుతాయి. అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు, ప్రమాదం లేదు. దాన్ని చూసి రక్తం పోతోందని, కామెర్లు వచ్చాయని కొందరు మాత్రలు పారేస్తారు. ఇంకొందరు నిజంగా కామెర్లు వచ్చినా మందు రంగే అనుకుని ఊరుకుంటారు. రెండోది చాలా ప్రమాదం. తేడా తెలియాలంటే మూత్రం చూడకండి, కళ్లు చూడండి. పగటి వెలుతురులో కింది రెప్ప లాగి తెల్లగుడ్డు పచ్చగా ఉందేమో చూడండి. రిఫాంపిసిన్ మామూలు మోతాదులో తెల్లగుడ్డును పచ్చగా మార్చదు.

కళ్లు పచ్చబడేదాకా ఆగనక్కర్లేదు కూడా. అంతకుముందే ఆకలి పూర్తిగా చచ్చిపోతుంది, అన్నం వాసనకే వికారం వస్తుంది, వాంతులు ఆగవు, పొట్ట కుడివైపు పైభాగంలో నొప్పి ఉంటుంది. ఇవి కనిపిస్తే ఆ పూట మాత్ర ఆపి, అదే రోజు కాలేయ పరీక్షకు వెళ్లాలి. రక్తంలో ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైము లక్షణాలతో పాటు మామూలు గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు దాటినా, లక్షణాలు లేకుండా ఐదు రెట్లు దాటినా మందులు ఆపుతారు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఈ మూడింటికీ కాలేయాన్ని దెబ్బతీసే గుణం ఉంది. నాలుగో మందైన ఎథాంబ్యుటాల్‌కు అది దాదాపు లేదు. జబ్బు తీవ్రంగా ఉంటే కాలేయం జోలికి పోని మందులతో కొన్నాళ్లు నడిపి, ఎంజైములు దిగాక ఒక్కో మందునూ విడివిడిగా తిరిగి మొదలుపెడతారు. ఈ పద్ధతి చాలాసార్లు దగ్గరుండి చూశాను. చాలామంది కోర్సు పూర్తి చేసి వెళ్లారు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. వికారం ఉందని మీకు మీరే వారాల తరబడి మానేయడం వేరు, ఆ పూట ఆపి అదే రోజు వైద్యుడి దగ్గరకు పరుగెత్తడం వేరు.

లెక్కలపుస్తకం రాశారు:
ప్రజారోగ్య గణాంకాల రంగంలో పని చేస్తాను. ఒక విషయం చేర్చాలి.

టీబీ కార్యక్రమాల లెక్కల్లో "చికిత్సలో మరణం" అంటే చికిత్స మొదలు కాకముందు గానీ, జరుగుతుండగా గానీ ఏ కారణంతోనైనా చనిపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనమే అది. రోడ్డు ప్రమాదంలో పోయినా, గుండెపోటుతో పోయినా ఆ గడిలోనే పడుతుంది. లెక్కకు అది సౌకర్యం. కానీ దాని వల్ల నష్టమూ ఉంది. "మరణం" అన్న గడిలో ఒక గీత పడ్డాక, ఎందుకు అన్న ప్రశ్న చాలాచోట్ల అక్కడితో ముగిసిపోతుంది. శిశిర గారి అన్నయ్య ఎందుకు పోయారో ఎవరూ విచారించి ఉండరు. ఇది నాకు కోపం తెప్పించే విషయం. ప్రతి ప్రసూతి మరణాన్నీ కూర్చుని సమీక్షించే పద్ధతి ఎన్నో దేశాల్లో ఉంది. టీబీ మరణానికి ఆ మర్యాద దక్కేది చాలా తక్కువ చోట్ల.

అంకెలు కావలసినవారికి: 2023లో ప్రపంచంలో 1.08 కోట్ల మందికి టీబీ వచ్చింది, 12.5 లక్షల మంది చనిపోయారు. వీరిలో చాలామంది అసలు చికిత్స దాకా రానివారే. మందులకు లొంగే టీబీకి చికిత్స మొదలుపెట్టినవారిలో 88 శాతం మంది విజయవంతంగా పూర్తి చేస్తున్నారు. మిగిలిన 12 శాతంలో మరణాలున్నాయి, మధ్యలో మానేసినవారున్నారు, ఏమయ్యారో నమోదు కానివారున్నారు. ఆ చివరి రెండు గుంపుల్లో ఎన్ని మరణాలు దాగి ఉన్నాయో ఆ లెక్క చెప్పదు.

ఇంకొకటి, కొద్దిగా పాత సంగతి. 1948లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ అనే టీబీ మందు మీద జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. 107 మంది రోగులు. ఆరు నెలలకు మందు ఇచ్చిన 55 మందిలో నలుగురు చనిపోతే, మంచం మీద విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో 14 మంది చనిపోయారు. అద్భుతం అనుకున్నారు. ఐదేళ్ల తర్వాత చూస్తే మందు వాడినవారిలో 32 మంది, వాడనివారిలో 35 మంది పోయారు. ఒకే మందు ఇవ్వడంతో క్రిములు దానికి లొంగకుండా తయారయ్యాయి. అన్ని మందులు ఎందుకని ఏటిగట్టు గారు అడిగారు కదా, ఆ 32 మంది చావుల్లోంచి వచ్చిన జవాబు అది.

శిశిర రాశారు:
అందరికీ నమస్కారం. రాత్రి ఇదంతా వదినకు చదివి వినిపించాను. కళ్లు పచ్చబడ్డాయా అని ఇద్దరం గుర్తు చేసుకున్నాం. లేదు, ఆ చివరి వారంలో కూడా కళ్లు తెల్లగానే ఉన్నాయి.

డాక్టరుగారూ, అన్నయ్య బాగా చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీద నిలిచేది కాదు. మందులు మొదలుపెట్టిన రోజు బరువు చూశారు కానీ దాన్ని బట్టి మాత్రల సంఖ్య రాశారంతే. ఇంకేమీ అనలేదు. మాత్రలతో పాటు తిండి సరిగ్గా పెట్టి ఉంటే మనిషి దక్కేవాడా?

ఇంటింటికీ రాశారు:
అమ్మా, నేను టీబీ రోగుల ఇళ్లకు వెళ్లి మందులు వేసుకుంటున్నారో లేదో చూసే కార్యకర్తను. మీ ప్రశ్నకు నేను చూసింది చెబుతాను.

మాకు ఇచ్చే కార్డులో ఏ రోజు మాత్ర వేసుకున్నారో టిక్కు పెట్టే గడులుంటాయి. లేచి నిలబడగలుగుతున్నారా అన్న గడి లేదు. మీ అన్నయ్య కార్డు చూస్తే అన్ని టిక్కులూ పడి ఉంటాయి, ఏ లోపమూ కనిపించదు. మేం కార్డును చూస్తున్నాం, మనిషిని చూడటం లేదని నేను మా సమావేశాల్లో ఎన్నోసార్లు చెప్పాను.

దీన్ని మార్చిన చోటు ఒకటుంది. తమిళనాడు 2022లో టీబీ మరణాలు తగ్గించడానికి ఒక పథకం పెట్టింది. టీబీ అని తేలిన ప్రతి వయోజనుడికీ మొదట్లోనే కొన్ని విషయాలు చూస్తారు. బరువు, ఎత్తుతో లెక్కకట్టే బీఎంఐ 14 లేదా అంతకంటే తక్కువా? 16 లోపు ఉండి కాళ్లకు వాపు కూడా ఉందా? నిమిషానికి 24 సార్లకు మించి శ్వాస తీస్తున్నారా? ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గిందా? ఆసరా లేకుండా నిలబడగలరా? వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, పూర్తి పరీక్ష చేసి ఆసుపత్రిలో చేర్చుకోవడానికి పంపుతారు. ఎక్స్‌రే అక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు. తూకం, టేపు, గడియారం, వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంటే చాలు. నాలాంటి వాళ్లు చేయగల పని. ఇది చదివినప్పటి నుంచి నేను వెళ్లిన ప్రతి ఇంట్లో మనిషిని ముందు లేచి నిలబడమంటున్నాను.

ఛాతీవైద్యుడు రాశారు:
ఇంటింటికీ గారు రాసింది ప్రతి వైద్యుడూ చదవాలి. వాపు, నిలబడలేకపోవడం, ఆయాసం. శిశిర గారు చెప్పిన మూడూ ఆ జాబితాలో ఉన్నాయి.

తిండి గురించి. తిండి లేక చిక్కినవాడికి టీబీ వస్తుంది, టీబీ వచ్చినవాడు ఇంకా చిక్కిపోతాడు. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు జరిగి, 2023లో ఫలితాలు వెలువడిన రేషన్స్ అధ్యయనంలో 2,800 మంది రోగులకు చికిత్సతో పాటు నెలనెలా ఆహార సరుకులు ఇచ్చారు. వాళ్లలో ఐదుగురికి నలుగురు చికిత్స మొదట్లో బక్కచిక్కి ఉన్నవారే. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవారిలో మరణం ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. నలభై కిలోల మనిషికి 5 శాతమంటే రెండు కిలోలు.

లెక్కలపుస్తకం రాశారు:
అడ్డు వస్తున్నందుకు మన్నించండి. ఆ 61 శాతాన్ని జాగ్రత్తగా చదవాలి. అందులో రోగులందరికీ సరుకులు అందాయి, పోల్చడానికి సరుకులు అందని రోగుల గుంపు లేదు. కోలుకుంటున్న మనిషికి బరువూ పెరుగుతుంది, ప్రాణమూ నిలుస్తుంది. ఏది దేనివల్ల అన్నది ఆ ఒక్క అంకెతో తేలదు. అదే అధ్యయనంలో రెండు గుంపులుగా విడదీసి పోల్చింది రోగుల కుటుంబ సభ్యులను. అక్కడ తిండి అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఆ ఫలితం గట్టిది.

ఛాతీవైద్యుడు రాశారు:
నిజమే, ఆ తేడా చెప్పాల్సిందే. అయినా మంచం పక్కన నిలబడే నాకు ఆ అంకె ఒక పని చెబుతుంది. రెండో వారంలో, నాలుగో వారంలో, రెండో నెలలో బరువు తూచాలి. పెరగకపోతే ఊరుకోకుండా కారణం వెతకాలి. తిండి చాలడం లేదా, క్రిమి మందుకు లొంగనిదా, షుగరు అదుపులో లేదా, వేరే జబ్బేదైనా ఉందా?

ఒక హెచ్చరిక. రోజుల తరబడి దాదాపు ఏమీ తినని, అతిగా చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టడం కూడా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అందుకే అలాంటివారికి ఆసుపత్రిలో, థయమిన్ అనే విటమిన్ ఇస్తూ, కొద్దికొద్దిగా పెంచుతూ తిండి పెడతారు. కాబట్టి శిశిర గారూ, ఇంట్లో మీరు ఇంకొంచెం ఎక్కువ పెట్టి ఉంటే దక్కేవాడేమోనని మిమ్మల్ని మీరు కోసుకోవద్దు. ఆ దశలో అది ఇంట్లో జరిగే పని కాదు.

గోధూళి రాశారు:
షుగరు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా వారికి చాలా ఏళ్లుగా షుగరు. టీబీ వచ్చాక మాత్రలు మొదలుపెట్టారు, షుగరు మాత్రలు పాతవే కొనసాగించారు. నెల తిరిగేసరికి షుగరు మూడు వందలు దాటింది. ఏమీ తినకుండానే ఎందుకు పెరుగుతోందో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి ఇంకో వైద్యురాలు చెప్పారు, రిఫాంపిసిన్ వల్ల కొన్ని రకాల షుగరు మాత్రలు ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతాయని. ఇన్సులిన్ పెట్టాక అదుపులోకి వచ్చింది. కోర్సు పూర్తయింది, ఇప్పుడు బాగున్నారు. షుగరు ఉన్నవారిలో టీబీ మరణాలు దాదాపు రెట్టింపని ఆమే చెప్పారు. ఈ మాట మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే అంత భయపడేవాళ్లం కాదు.

రాత్రిడ్యూటీ రాశారు:
గోధూళి గారూ, మంచి మాట గుర్తు చేశారు. రిఫాంపిసిన్ షుగరు మాత్రలతోనే ఆగదు. రక్తం పలుచబడే వార్‌ఫరిన్, గర్భనిరోధక మాత్రలు, స్టెరాయిడ్లు, కొన్ని హెచ్ఐవీ మందులు, వీటన్నిటి బలాన్నీ తగ్గిస్తుంది. ఇంట్లో వాడుతున్న ప్రతి మందు అట్టనూ సంచిలో వేసుకుని మొదటి రోజే తీసుకువెళ్లి చూపించండి.

రెండోజీవితం రాశారు:
నాకు హెచ్ఐవీ ఉంది. టీబీ వచ్చినప్పుడే అదీ బయటపడింది. కాబట్టి మొదటి మాట: టీబీ వచ్చిన ప్రతి ఒక్కరూ హెచ్ఐవీ పరీక్ష చేయించుకోండి. సిగ్గుపడి దాటేస్తే పోయేది ప్రాణం.

నాకు టీబీ మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే హెచ్ఐవీ మందులూ మొదలుపెట్టారు. ఆ తర్వాత మెడలో గడ్డ పెద్దదైంది, జ్వరం తిరగబెట్టింది. మందులు పని చేయడం లేదని, ఇక అయిపోయిందని అనుకున్నాను. వైద్యుడు పరీక్షలన్నీ చేసి, రోగనిరోధక శక్తి తిరిగి మేల్కొని క్రిముల మీద ఒక్కసారిగా విరుచుకుపడటం వల్ల ఇలా జరుగుతుందని చెప్పి, కొన్నాళ్లు స్టెరాయిడ్ ఇచ్చారు. తగ్గిపోయింది. రెండు మందుల్లో ఏదీ ఆపలేదు. మందులు మొదలుపెట్టాక గడ్డ పెరిగితే అది ఓటమి అనుకుని మానేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు.

ఛాతీవైద్యుడు రాశారు:
మీరు రాసినందుకు కృతజ్ఞతలు. హెచ్ఐవీ మందులు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఒకప్పుడు పెద్ద వాదం. కంబోడియాలో రోగనిరోధక శక్తి బాగా పడిపోయిన 661 మంది మీద జరిగి, 2011లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, టీబీ చికిత్స మొదలైన రెండు వారాలకు హెచ్ఐవీ మందులు ఇచ్చినవారిలో 18 శాతం, ఎనిమిది వారాలకు ఇచ్చినవారిలో 27 శాతం చనిపోయారు. ఇప్పుడు రెండు వారాల్లోపే మొదలుపెట్టమంటారు. మెదడు పొరల టీబీ ఉంటే మాత్రం నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగుతారు, ఎందుకంటే రోగనిరోధక శక్తి అలా ఒక్కసారిగా విరుచుకుపడటం మెదడులో జరిగితే ప్రాణాంతకం.

మెదడు పొరల టీబీ గురించి కూడా ఒక మాట. టీబీ రూపాల్లో అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసేది ఇదే. వియత్నాంలో 545 మంది మీద జరిపి, 2004లో ప్రచురించిన పరీక్షలో డెక్సామెథాసోన్ స్టెరాయిడ్ కలిపి ఇస్తే మరణాలు 41 శాతం నుంచి 32 శాతానికి తగ్గాయి. తగ్గాక కూడా 32 శాతమంటే ఎంత తీవ్రమైన జబ్బో చూడండి. టీబీ రోగికి తలనొప్పి రోజుల తరబడి ఆగకపోయినా, మాట తడబడినా, మెలకువలో ఉండీ పొంతన లేకుండా మాట్లాడినా తెల్లారేదాకా ఆగకండి.

మందులకు లొంగని టీబీ ఇంకో కారణం. రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో రెండు గంటల్లోపు చెప్పే జన్యు పరీక్ష 2010 నుంచి ఉంది. అది చేయకుండా మామూలు మందులే ఇస్తూ పోతే, కార్డు నిండా టిక్కులు పడినా లోపల జబ్బు సాగిపోతూనే ఉంటుంది. మందులకు లొంగని రకానికి 2021లో చికిత్స మొదలుపెట్టినవారిలో విజయం 68 శాతమే. 2022 నుంచి సిఫారసులో ఉన్న ఆరు నెలల కొత్త మందుల కూర్పు వల్ల ఈ పరిస్థితి బాగా మెరుగవుతోంది.

ఏటిగట్టు రాశారు:
అంతా చదివాను. నా పట్టు మీద నేనున్నాను: కాలేయం సంగతి మొదటి రోజే చెప్పాలి, రాసి చేతికివ్వాలి, ఫోను చేస్తే ఎత్తే మనిషి ఉండాలి. "మానవద్దు" అన్న ఒక్క మాటే చెప్పి పంపితే మా మేనమామ లాంటివాళ్లు పోతూనే ఉంటారు. శిశిర గారికి ఫోనులో దొరికిన జవాబూ అదే కదా.

ఛాతీవైద్యుడు రాశారు:
దీనిలో మీతో నాకు ఏ భేదమూ లేదు. "మానవద్దు" అన్నది సగం మాటే. "ఇలా ఉంటే వెంటనే రండి" అన్నది మిగతా సగం.

వానచినుకు రాశారు:
కొత్త సభ్యురాలిని. ఈ చర్చ చదివి వణికిపోతూ రాస్తున్నాను. మా అమ్మకు టీబీ మందులు మొదలై రెండో వారం. నిన్నటి నుంచి మంచం దిగాలంటే ఇద్దరం పట్టుకోవాలి. పడుకుంటే ఆయాసం, దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. కాళ్లకు కొద్దిగా నీరు. వచ్చే వారం ఎలాగూ చూపించాలి కదా, అప్పటిదాకా ఆగవచ్చా?

ఛాతీవైద్యుడు రాశారు:
ఆగకండి అమ్మా. ఇప్పుడే బయల్దేరండి. ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి, అత్యవసర విభాగానికి. మందుల కార్డు, పాత ఎక్స్‌రే, వాడుతున్న మందులన్నీ తీసుకువెళ్లండి. కూర్చోబెట్టే తీసుకువెళ్లండి, పడుకోబెట్టవద్దు. దగ్గులో రక్తం పడుతుంటే ఆ సంగతి అడుగు పెట్టగానే చెప్పండి.

శిశిర రాశారు:
వానచినుకు గారూ, దయచేసి వెళ్లండి. చేరగానే ఇక్కడ ఒక్క మాట రాయండి.

వానచినుకు రాశారు:
చేర్చుకున్నారు. ఆక్సిజన్ 86 ఉందన్నారు. ఇప్పుడు గొట్టం పెట్టారు, రక్తం తీసుకున్నారు. అమ్మ మాట్లాడుతోంది. రేపు పొద్దున పెద్ద డాక్టరు వస్తారట. ఆయన్ని ఏం అడగాలో నాకు తెలియడం లేదు.

రాత్రిడ్యూటీ రాశారు:
కాగితం మీద రాసుకోండి. రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో చూసే పరీక్ష చేశారా, ఫలితం ఏమిటి? షుగరు, హెచ్ఐవీ, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేశారా? కాళ్ల వాపు గుండె వల్లా, రక్తంలో ప్రొటీన్ తక్కువై వచ్చిందా, సిరలో గడ్డ ఉందా? రక్తహీనత ఎంత ఉంది? బరువు ఎంత, తిండి ఎలా మొదలుపెట్టాలి, ఎవరు చూస్తారు? టీబీ మాత్రలు ఆసుపత్రిలో కూడా ఆగకుండా అందుతున్నాయా? ఈ చివరిది తప్పకుండా అడగండి. వార్డు మారినప్పుడు రెండు మూడు రోజులు మాత్రలు జారిపోవడం నేను చూశాను.

ఇంటికి పంపేటప్పుడు ఇంకో ప్రశ్న ఉంటుంది: ఆక్సిజన్ లేకుండా నడిపించి చూశారా? మంచం మీద బాగున్న అంకె నాలుగు అడుగులు వేయగానే పడిపోవచ్చు.

శిశిర రాశారు:
వదిన ఒక ప్రశ్న అడగమంది. అన్నయ్య పిల్లల్లో చిన్నవాడికి నాలుగేళ్లు. ఇద్దరికీ దగ్గు లేదు, బాగానే ఆడుకుంటున్నారు. వాళ్లను చూపించాలా?

ఛాతీవైద్యుడు రాశారు:
తప్పకుండా, ఈ వారంలోనే. వదిన గారినీ, మిమ్మల్నీ కలిపి. ఐదేళ్లలోపు పిల్లలకు టీబీ సోకితే జబ్బుగా మారే ముప్పు ఎక్కువ, మెదడు పొరలకు పాకే ముప్పూ ఎక్కువే. ముందు జబ్బు లేదని తేల్చుకుంటారు. లేకపోతే రాకుండా ఉండేందుకు నివారణ మందు ఇస్తారు, సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు. మీ అన్నయ్య క్రిమి ఏ మందుకు లొంగిందో ఫలితం ఉంటే ఆ కాగితం తీసుకువెళ్లండి, పిల్లలకు ఏ మందు ఇవ్వాలో దాన్ని బట్టే ఉంటుంది. మందులు మొదలుపెడితే కళ్లు చూడటం ఎలాగో రాత్రిడ్యూటీ గారు పైన రాశారు, అది వదిన గారికి కూడా నేర్పండి.

శిశిర రాశారు:
రేపు పొద్దునే తీసుకువెళుతున్నాం. అన్నయ్య కాగితాలన్నీ వదిన బయటకు తీసి పెట్టింది.